కంప్యూటరునకు రెండవ తెర

అచ్చుకూటములలో ప్రూఫులు దిద్దు పని ఎరిగినవారికి ఒక సంగతి తెలిసియే యుండును. ఆ పని చక్కగా జరుగవలెనన్న ఇద్దరు మనుష్యులు కావలెను. ఒకరు వ్రాతప్రతిని చేతబట్టి బిగ్గరగా చదువుచుందురు. రెండవవారు అచ్చుకాగితముపై కన్ను నిలిపి వినుచు, తప్పు కనబడినచోట అంచున గీత గీయుదురు. ఒక్కడే కూర్చుండి దిద్దవలసి వచ్చినప్పుడు మూలమును ఎడమవైపునను, ప్రూఫును కుడివైపునను పరచుకొని, రెంటిని ఒక్క చూపులో నిలుపుకొనును. రెండు కాగితములను ఒకదానిపై నొకటి పెట్టి, క్షణమున కొకసారి పైకాగిత మెత్తి క్రిందిదానిని చూచుచు దిద్దువానిని మనము తెలివిగలవాడనము. నేను మూడు సంవత్సరములు కంప్యూటరు మీద సరిగా ఆ పనియే చేసితిని.

నా వ్యాపకము పాత తెలుగు పుస్తకముల పుటలను ఛాయాచిత్రములుగా చూచి, వాని పాఠమును యూనికోడు లిపిలోనికి ఎత్తుట. టెస్సరాక్టు అను స్వేచ్ఛా సాధనము పుట బొమ్మను చదివి అక్షరములుగా మార్చిపెట్టును. అయినను సిరా చెదరినచోటను, టైపు అరిగినచోటను అది పొరబడును. మిగిలినపని మనుష్యుని కంటిది. తెర యొక్కటే యగుటచే దానిని నడిమికి చీల్చి, ఒక సగములో బొమ్మను, రెండవ సగములో పాఠమును పెట్టుకొంటిని. ఒక్కొక్క సగమునకు 960 చుక్కల వెడల్పు మాత్రమే దక్కినది. బొమ్మ చిన్నదై వత్తులు కనబడలేదు. బొమ్మను పెద్దది చేసినచో పాఠమునకు చోటు లేదు. కడకు రెండు విండోలను ఒకదానిపై నొకటి వేసికొని, మీట నొక్కి మార్చుకొనుచు పని సాగించితిని.

ఒక పుట మరీ చెరిగియుండుటచే యంత్రపాఠమును తీసివేసి చేతితోనే టైపు చేయుచుంటిని. ఆ పుటలో రెండు పంక్తులు ‘అందువలన’ అను మాటతోనే మొదలయినవి. బొమ్మ నుండి పాఠమునకును, పాఠము నుండి బొమ్మకును మారుచుండగా నా కన్ను మొదటి ‘అందువలన’ను విడిచి రెండవదానిపై వ్రాలినది. నడుమనున్న నాలుగు పంక్తులు మాయమైనవి. నాకు తెలియనే లేదు. ఆరు నెలల తరువాత ఒక చదువరి ఉత్తరము వ్రాసిరి. వాదము మధ్యలో తెగిపోయినదనియు, ఇంత పేరుగల గ్రంథకర్త ఇట్లు వ్రాయుట వింతగా నున్నదనియు అందలి సారాంశము. తప్పు చేసినవాడను నేను. నింద పడినది, బదులు చెప్పుటకు బ్రదికిలేని ఒక పెద్దమనిషిపై. ఆ వారములోనే మిత్రుని యింట మూలబడియున్న పందొమ్మిది అంగుళముల పాత మానిటరు నొకదానిని అడిగి తెచ్చుకొంటిని.

మానిటరు తెచ్చుట సులభమే. అది చేయు పని యేమో గ్రహించుటకే నాకు కొన్ని దినములు పట్టినది. రెండవ మానిటరును తగిలించుట యనగా రెండవ బొమ్మను పుట్టించుట యని పెక్కుమంది తలంతురు. నేనును అట్లే తలచితిని. నిజమునకు కంప్యూటరు తన జ్ఞాపకములో ఒకే పెద్ద మైదానమును గీసికొనును. అందు ప్రతి చుక్కకును రెండంకెలు గలవు. మొదటిది ఎడమ అంచునుండి ఎంత దూరమో చెప్పును. రెండవది పై అంచునుండి ఎంత దిగువో చెప్పును. మానిటరు లా మైదానముపై పరచిన చట్రములు. ఏ చట్రము మైదానములో ఏ చోట నున్నదో, దాని వెడల్పును ఎత్తును ఎంతయో, అది నిలువుగా నున్నదో అడ్డముగా నున్నదో యంత్రమునకు తెలిసిన చాలును. చట్రము పడినంతమేర మనకు కనబడును. చట్రము పడని నేల ఉన్నను లేనట్లే. ఈ యొక్క మాట మనసున నాటినచో తరువాత వచ్చు చిక్కులలో సగము వానియంతట అవియే విడిపోవును.

ఈ ఏర్పాటు మొదటినుండి ఉన్నది కాదు. లినక్సు మొదలైన స్వేచ్ఛా వ్యవస్థలలో తెరను చూచుకొను పనిని చిరకాలము ఎక్సు విండో వ్యవస్థ నిర్వహించినది. అది అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాసంస్థలో 1984లో మొదలైనది. ఇప్పటికిని వాడుకలోనున్న దాని పదునొకండవ కూర్పు 1987లో వెలువడినది. అప్పుడును ఒక యంత్రమునకు పెక్కు తెరలను తగిలింపవచ్చును. కాని ప్రతి తెరయు వేరొక మైదానము. మౌసు బాణము గట్టుదాటి అవతలికి పోగలిగెడిది. ఒక తెరపై తెరచిన విండో మాత్రము అచ్చటనే ఉండిపోవలసినదే. పొలమునకు కంచె వేసి, మనిషిని పోనిచ్చి బండిని ఆపినట్లు. 1998లో వచ్చిన జినెరామా అను చేర్పు ఆ కంచెను తీసివేసి, మైదానములను ఒకటిగా కలిపినది. అయినను అమరికను ఒక దస్త్రములో ముందుగా వ్రాసి వ్యవస్థను ప్రారంభింపవలెను. మానిటరును కొత్తగా తగిలించినచో అన్నిటిని మూసి మరల మొదలిడవలెను. పని నడుచుచుండగనే చట్రములను చేర్చుటకును, తీయుటకును, త్రిప్పుటకును వీలు 2007లో కలిగినది. ఆ వీలును కలిగించిన చేర్పునకు రాండర్ అని పేరు. పరిమాణము మార్చుట, త్రిప్పుట అను అర్థము గల రెండు ఆంగ్లపదముల ముక్కల నుండి ఆ పేరు పుట్టినది. దానిని మనచేత నడిపించు ఆజ్ఞ పేరు ఎక్స్‌రాండర్.

ఇక తగిలించు సంగతి. కంప్యూటరు వెనుక రెండు మానిటర్లకు చాలు రంధ్రములున్నవో లేవో చూచుకొనవలెను. అంగడిలో ఒక కొసను రెండుగా చీల్చిన కేబులు దొరకును. దానిని కొని మోసపోకుడు. అది ఒకే బొమ్మను రెండు తెరలపై చూపును గాని మైదానమును పెంచదు. విడిగా గ్రాఫిక్సు కార్డు పెట్టిన యంత్రములలో, మూలపలకపై నున్న పాత రంధ్రములు పలుమారు మూతపడియుండును. అట్టిచోట రెండు కేబులులను కార్డుకే తగిలింపవలెను. నా యంత్రమున హెచ్‌డిఎంఐ రంధ్ర మొకటియు, పాత పద్ధతి విజిఎ రంధ్ర మొకటియు గలవు. మొదటిదానికి ఇరువదినాలుగు అంగుళముల తెర యుండనే యున్నది. రెండవదానికి ఈ పాతదానిని తగిలించితిని.

తెర వెలిగినది గాని అక్షరములు మసకగా నుండెను. ఎడమకన్నుతో చూచినను కుడికన్నుతో చూచినను అదే మసక. సున్న నిలువునకు కొంచెము సాగినట్లున్నది. ఎక్స్‌రాండర్ ఆజ్ఞ నిచ్చి చూడగా ఆ తెరకు 1024 చుక్కల వెడల్పు, 768 చుక్కల ఎత్తు అని చెప్పినది. ఆ మానిటరు వెనుక చీటీలో నున్నది 1280 వెడల్పు, 1024 ఎత్తు. యంత్రము ఎందుకు తక్కువ చెప్పినది?

ప్రతి మానిటరు లోపలను 128 బైట్ల చిన్న జాతకము వ్రాసియుండును. దానికి ఇడిడ్ అని పేరు. 1994లో వెసా అను ప్రమాణముల సంఘము దానిని ఏర్పరచినది. మానిటరును ఎవరు చేసిరి, ఏ సంవత్సరమున చేసిరి, ఎన్ని చుక్కలు పట్టును, సెకనునకు ఎన్నిమారులు బొమ్మను తిరుగవ్రాయవలెను మొదలగునవి యన్నియు అందులో నుండును. జాతకము మొదట ఒక సున్న, తరువాత ఆరు 255లు, మరల ఒక సున్న. ఇది గుర్తు. కట్టకడపటి బైటును ఎట్లు వేయుదురనగా, మొత్తము 128 సంఖ్యలను కూడినచో 256చే నిశ్శేషముగా భాగింపబడవలెను. దారిలో ఒక్క అంకె చెడినను కూడిక తప్పును. యంత్రమునకు అనుమానము తోచును. కేబులులో బొమ్మను మోయు తీగలు వేరు, ఈ జాతకమును మోయు తీగలు వేరు. విజిఎ కేబులున పండ్రెండవ సూదియు, పదునైదవ సూదియు ఈ పనికై యున్నవి. నేను కేబులును ఊడదీసి దీపముక్రింద పెట్టి చూడగా పండ్రెండవ సూది విరిగియున్నది! బొమ్మ వచ్చుచున్నది, జాతకము మాత్రము రాలేదు. వచ్చినవాడు ఊరు పేరు చెప్పనప్పుడు గృహస్థు చావడిలో చాప వేసినట్లు, యంత్రము ఏ మానిటరునకైనను సరిపడు 1024, 768 లెక్కను దానికి కేటాయించినది.

ఇచ్చట స్వేచ్ఛా వ్యవస్థల గుణమొకటి చెప్పక తప్పదు. ఎక్సు వ్యవస్థ తాను చేసిన ప్రతి పనిని ఒక దినచర్య దస్త్రములో వ్రాసిపెట్టును. ఏ రంధ్రమును తట్టితిని, ఏమి బదులు వచ్చినది, ఏది రాలేదు అని వరుసగా నుండును. ఆ దస్త్రము చదువనిచో నేను కేబులును అనుమానించియుండను. మానిటరు చెడినదని మిత్రునికే తిరిగి ఇచ్చియుందును. అయితే పొగడ్త పూర్తిగా చేయను. ఆ దినచర్యను వ్రాసినవారు తమవంటివారే చదువుదురని తలచి వ్రాసిరి. ఒక్క పంక్తి అర్థము చేసికొనుటకు నాకు ఒక పూట పట్టినది.

సరియైన మందు కొత్త కేబులే. కాని అది ఆదివారము రాత్రి. జాతకము లేని మానిటరునకు లెక్కలను మనమే కట్టి ఇచ్చు మార్గము కలదు. సివిటి అను ఆజ్ఞకు 1280, 1024, 60 అను మూడంకెల నిచ్చినచో అది ఒక వరుస సంఖ్యలను గుణించి ఇచ్చును. అందు సెకనునకు పది కోట్ల తొంబది లక్షల చుక్కల వేగము. పంక్తికి 1712 చుక్కల కాలము. బొమ్మకు 1063 పంక్తుల కాలము. చూపవలసినవి 1280 చుక్కలును 1024 పంక్తులునై యుండగా, ఈ ఎక్కువ కాలమెందుకని మీరడుగవచ్చును. పూర్వపు గాజుబుడ్డి మానిటర్లలో ఎలక్ట్రానుల ధార ఒక పంక్తిని గీసి, మరల ఎడమ అంచునకు వచ్చుటకు కొంత వ్యవధి కావలసెను. పుట ముగిసి పైకి పోవుటకు మరికొంత. నేటి పలుచని తెరలో ఆ ధార లేదు. వ్యవధి మాత్రము లెక్కలలో మిగిలినది. కాగల ఎద్దు పోయినను కాడి ప్రక్కనే నడచుట మరువని పొరుగెద్దు వలె నున్నది. ఆ సంఖ్యలను ఎక్స్‌రాండరునకు కొత్త రీతిగా చెప్పి, ఆ రీతిని విజిఎ రంధ్రమునకు చేర్చి, దానిని వాడుమని ఆజ్ఞాపింపగా తెర యొక్కసారి నల్లబడి, మరల తేటగా వెలిగినది. పలుచని తెరకు తప్పులెక్క ఇచ్చినను అది మేర మించినదని చెప్పి ఊరకుండును. పాత గాజుబుడ్డి మానిటరుపై మాత్రము ఇట్టి ప్రయోగములు చేయకుడు, అవి చెడిపోవచ్చును. మరునాడు కేబులు కొంటిని, జాతకము వచ్చినది, చేతిలెక్కల అవసరము తీరినది.

తరువాత అమరిక. పుస్తకపు పుట నిలువైనది. నేను పాత మానిటరును నిలువుగా త్రిప్పితిని. అప్పుడది 1024 వెడల్పు, 1280 ఎత్తు గల చట్రమైనది. ఒక పుట బొమ్మ నిండుగా పట్టును. దాని పీఠము త్రిరుగునది కాదు. అయినను మానిటర్ల వీపున చతురస్రముగా నాలుగు మరరంధ్రము లుండును. వాని నడుమ దూరము సాధారణముగా నూరు మిల్లీమీటర్లు. మా వీథి వడ్రంగి ఆ కొలతకు ఒక చెక్కకు రంధ్రములు పొడిచి, నిలువు కొయ్యకు బిగించి ఇచ్చెను.

నేను వాడునది డెబియను వ్యవస్థపై ఎక్స్‌ఎఫ్‌సిఇ డెస్కుటాపు. దాని అమరికలలో తెరలను గూర్చిన భాగము తెరచినచో రెండు దీర్ఘచతురస్రములు కనబడును. వానిని మౌసుతో పట్టి, బల్లపై మానిటర్లున్న తీరుననే పెట్టవలెను. బొమ్మ తెర ఎడమవైపున నుండగా యంత్రమునకు కుడివైపున నున్నదని చెప్పినచో, బాణమును ఎడమకు నెట్టిన అంచున తగులుకొని నిలుచును. బొమ్మ తెరను మైదానపు ఎడమ మూలన సున్న, సున్న యొద్ద పెట్టితిని. పాఠము తెర 1920 వెడల్పు, 1080 ఎత్తు గలది గదా. దానిని ఎడమనుండి 1024, పైనుండి 200 అను చోట పెట్టగా రెండు తెరల అడుగులు సరిగా కలిసినవి. మొత్తము మైదానము 2944 వెడల్పు, 1280 ఎత్తు అయినది. చుక్కకు నాలుగు బైట్ల వంతున ఇది సుమారు కోటిన్నర బైట్ల నేల. పాఠము తెరకు పైన 200 చుక్కల ఎత్తు గల పట్టీ ఏ చట్రమునకును చిక్కక మిగిలినది. బొమ్మ తెర పైభాగమునుండి బాణమును కుడికి తోసినప్పుడు అది గోడకు కొట్టుకొన్నట్లు ఆగును. మొదట యంత్రము చెడినదని భయపడితిని. అవతల చట్రము లేదు, అంతే.

నిలువుగా త్రిప్పినందువలన రెండు వింతలు వచ్చినవి. పాతవి, చవుకవి యగు పలుచని తెరలలో పెక్కు టిఎన్ అను జాతివి. వానిని క్రిందినుండి చూచిన రంగు మారును. త్రిప్పగా ఆ క్రింది ప్రక్క కుడికో ఎడమకో వచ్చి, ఒక కంటికి వెలుగు, మరియొక కంటికి చీకటి యగును. తెరను నా ముఖమునకు ఎదురుగా వాల్చగా బాధ తగ్గినది. రెండవది అక్షరముల అంచున రంగుచారలు. ప్రతి చుక్కలోను ఎరుపు, పచ్చ, నీలి పట్టెలు ప్రక్కప్రక్కన నుండును. అక్షరపు అంచును నునుపు చేయుటకు యంత్రము ఆ పట్టెలను వేర్వేరుగా వాడుకొనును. తెరను త్రిప్పినప్పుడు పట్టెలు ఒకదానిపై నొకటి యగును, లెక్క తప్పును. ఈ అమరిక అన్ని తెరలకు ఒక్కటే గనుక, దానిని తీసివేసి బూడిదఛాయల నునుపును కోరుకొంటిని.

తెలుగువారికి ఈ నునుపు సంగతి చిన్నది కాదు. సాధారణముగా పాఠమును పదునారు చుక్కల ఎత్తులో చూపుదురు. ఆంగ్లాక్షరమునకు అది చాలును. మనకు పైన గుడి, నడుమ హల్లు, క్రింద వత్తు, ఒక్కొక్కప్పుడు వత్తుక్రింద వత్తు. ‘రాష్ట్రీయ’ అను మాటలోని రెండవ అక్షరమును పదునారు చుక్కలలో ఇరికించి చూడుడు. అంతకంటె ముప్పు థకారమునకును ధకారమునకును గల భేదము. నడుమనున్న ఒక్క చుక్కయే ఆధారము. అది మసకబారినచో ‘అర్థము’ ‘అర్ధము’ అగును. మాటకు అర్థము పోయి సగము మిగులును. బొమ్మ తెరపై పుట నిండుగా నున్నది గనుక ఇప్పుడు ఆ చుక్కను వెదకి పట్టగలను. పాఠము వైపున అక్షరపు పరిమాణమును ఇరువదినాలుగు చుక్కలకు పెంచితిని. ఇప్పుడు చోటునకు కరువు లేదు.

నా రెండు తెరలలోను అంగుళమునకు పట్టు చుక్కలు దగ్గరదగ్గర సమానమే. ఒకదానిలో 92, మరియొకదానిలో 86. మీలో ఎవరైన ఇరువదియేడు అంగుళములలో 3840 చుక్కలు పట్టు కొత్త తెరను పాతదానితో జతకూర్చినచో, అంగుళమునకు 163 అగును. ఒక తెరపై అక్షరము చీమతల, రెండవదానిపై ఏనుగుపాదము. ఎక్సు వ్యవస్థలో అన్ని తెరలకు ఒకే హెచ్చింపు గనుక దీనికి చక్కని ఉపాయము లేదు. 2008లో మొదలైన వేలండ్ అను కొత్త వ్యవస్థలో ప్రతి తెరకును వేరువేరు హెచ్చింపు ఉండవచ్చును. గ్నోము, కెడిఇ మొదలైన పెద్ద డెస్కుటాపులు దానికే మరలినవి. అట్టివారు ఎక్స్‌రాండర్ ఆజ్ఞతో తెరలను మార్చబూనిన ఫలితముండదు. డెస్కుటాపు అమరికలలోనే మార్చవలెను. గ్నోము ఆ అమరికను మానిటరు జాతకములోని పేరుతోను సంఖ్యతోను జతచేసి వ్రాసిపెట్టుకొనును. అదే మానిటరు మరల వచ్చినప్పుడు గుర్తించి, దాని చోటు దానికిచ్చును.

ఆజ్ఞతో చేసిన మార్పులు యంత్రమును ఆపినతోడనే పోవును. చేతిలెక్కలు ఇంకను కావలసినవారు ఆ ఆజ్ఞలను ఒక దస్త్రముగా వ్రాసి, తాము ప్రవేశించినప్పుడెల్ల నడుచునట్లు డెస్కుటాపు ఆరంభపట్టికలో చేర్చుకొనవచ్చును. నేను తెరల భాగములో చేసిన అమరికను ఎక్స్‌ఎఫ్‌సిఇ తానే గుర్తుంచుకొనును. ప్రవేశపు తెర మాత్రము నా అమరికను ఎరుగదు. ప్రతి ఉదయమును అది పాత మానిటరుపై ప్రక్కకు పడుకొని దర్శనమిచ్చును. దానిని దిద్దు మార్గము కలదు గాని, మెడ వంచి సంకేతపదము టైపు చేయుటకు అలవాటుపడితిని.

కొత్త కేబులు వచ్చిన సాయంకాలము, ఎడమ తెరపై ఆ చెరిగిన పుటను, కుడి తెరపై నా పాఠమును తెరచితిని. మొదటి ‘అందువలన’ ఎడమవైపున పైనుండి ఏడవ పంక్తిలో నున్నది; రెండవది పండ్రెండవ పంక్తిలో. రెండు అచ్చుపుటలు బల్లపై పరచినట్లు కనబడుచుండగా, మీట నొక్కకయే, నడుమ పంక్తులను అక్షరమక్షరము చూచి ఎక్కించితిని. ఉత్తరము వ్రాసిన చదువరికి దిద్దిన ప్రతిని ఆ రాత్రియే పంపితిని.